తొమ్మిదో దిక్కుకు మొగ్గిన కాటా

నేను ఒక కాటాను. మధ్యలో ఇనుప కడ్డీ, అటొక ఇత్తడి పళ్ళెం, ఇటొక ఇత్తడి పళ్ళెం. నన్ను నమ్మి నా ఎదుట నిలబడ్డ మనిషిని ఇంతవరకు చూడలేదు. కొనేవాడి కళ్ళు నా ముల్లు మీద, అమ్మేవాడి కళ్ళు కొనేవాడి చేతుల మీద. ఏటేటా తూనికల శాఖ మనిషి వచ్చి, నన్ను ఎత్తి, పళ్ళేల అడుగున ఏమైనా అంటించారేమోనని వేలితో తడిమి, ముద్ర కొట్టి వెళతాడు. పుట్టినప్పటి నుంచీ నేను ముద్దాయినే. అందుకే అనుమానం గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదనుకునేదాన్ని. నా యజమాని మస్తాన్ వలి పుస్తకాలు అచ్చు వేయడం మొదలుపెట్టాక గానీ నాకు తెలిసింది చాలా తక్కువని అర్థం కాలేదు.

నన్ను పోతపోసింది తెనాలి దగ్గర ఒక ఫౌండ్రీలో. మొదట సాంబయ్య అనే ఆయన చిల్లర కొట్టులో ఉండేదాన్ని. ఆయన నా పళ్ళెం కింద చింతపండు ముద్ద అంటించేవాడు. ఒకరోజు ఒకావిడ పళ్ళెం తిరగేసి చూసి, బజారంతా వినబడేలా కడిగిపారేసింది. ఆ తర్వాత కొట్టు నడవలేదు. నేను పాత సామాన్ల వాడి చేతిలో పడి, అక్కడి నుంచి గుంటూరు బ్రాడీపేటలో మస్తాన్ వలి పుస్తకాల దుకాణానికి చేరాను.

మస్తాన్ వలి పాత పుస్తకాలు తూకానికి కొని, దులిపి, అట్టలు వేసి అమ్మేవాడు. గైడ్లు, పాఠ్యపుస్తకాలు, వారపత్రికల బైండ్లు. నా మీదకు వచ్చే పుస్తకాల్లో ఒక రకం మాత్రం అమ్మకుండా లోపలి గదిలో దాచుకునేవాడు. ఎగిరే లంకలు, కాలంలో వెనక్కి నడిచే మనుషులు, మాట్లాడే కొండలు ఉండే కథలు. అవి చదువుతున్నప్పుడు గిరాకీ వచ్చి పిలిచినా పలికేవాడు కాదు.

కాలేజీ పిల్లలు వచ్చి అడిగేవారు. "ఇలాంటివి కొత్తవేమైనా ఉన్నాయా అంకుల్?"

"రాసేవాళ్ళు లేరమ్మా."

"రాసేవాళ్ళు లేకనా, వేసేవాళ్ళు లేకనా?" అంది ఒకమ్మాయి.

ఆ ప్రశ్న ఆయన్ని కుట్టింది. కొన్నాళ్ళకు గైడ్ల బీరువాలు వెనక్కి జరిపి, దుకాణం ముందు బోర్డు కట్టాడు. 'తొమ్మిదో దిక్కు ప్రచురణలు. ఈ లోకంలో లేని కథలకు మాత్రమే.'

ఇక చూడాలి అనుమానాలు. ఆయన భార్య ఖైరున్నీసా బోర్డు కింద నిలబడి, "ఏమండీ, మీకెవరన్నా మందు పెట్టారా?" అంది. నవ్వుతూ అడగలేదు, నిజంగానే అడిగింది. పక్కనున్న టీ కొట్టాయన ఇదేదో పన్ను ఎగ్గొట్టే ఎత్తు అనుకున్నాడు. రచయితలు ఇంకా గట్టివాళ్ళు. ఒకాయన కాగితాలు గుండెకు హత్తుకుని వచ్చి, తన చేత్తోనే ఒక్కో పేజీ పట్టుకుని చూపించాడు గానీ మస్తాన్ వలి చేతికి ఇవ్వలేదు. పాత పుస్తకాలు తూచేవాడు తన నవలను కూడా తూచేస్తాడని భయం కాబోలు.

హైమావతి మాత్రం అలా కాదు. ఆవిడ మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్వైజరు. బల్ల మీద చోటు లేక, తన కాగితాల కట్టను తిన్నగా నా పళ్ళెంలోనే పెట్టింది.

"చదవండి మస్తాన్ గారూ. బాగుంటే వేయండి. బాగోకపోతే ఇక్కడే తూచేసుకోండి."

నవల పేరు 'నది సెలవు'. ఒక పొద్దున కృష్ణానది ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోతుంది. ఇసుక మిగులుతుంది, పడవలు మిగులుతాయి, నది ఉండదు. ఒడ్డు ఊరివాళ్ళంతా మూటలు కట్టుకుని దాన్ని వెతకడానికి బయలుదేరతారు. మస్తాన్ వలి అది చదువుతూ తూకానికి వచ్చిన వాళ్ళను రేపు రమ్మని పంపించేశాడు. చదవడం అయ్యాక కళ్ళజోడు తీసి, చాలాసేపు తుడుస్తూ కూర్చున్నాడు. మర్నాడే ఆవిడను పిలిచి, మొదటి పుస్తకం ఇదేనని మాటిచ్చి, ఆవిడ మాటా తీసుకున్నాడు. ఆవిష్కరణ సభకు మనుషుల్ని పిలిచాడు, బ్యానర్ రాయించాడు.

అప్పుడే సోమయాజులు మాస్టారు ఆ నవల ప్రూఫుల కట్టను తిరగేశారు. ఆయన రిటైరైన తెలుగు లెక్చరరు, రోజూ దుకాణంలో మూల కుర్చీలో కూర్చుని ఉచితంగా చదువుకునే మనిషి. ఆయన మాటంటే మస్తాన్ వలికి వేదవాక్కు.

"ఇది నేను చదివానయ్యా."

"ఎప్పుడు మాస్టారూ? నిన్ననే కదా ప్రూఫులు తెచ్చింది."

"ఇప్పటిది కాదు. ఎప్పుడో, ఏదో పాత వారపత్రికలో. పేరు గుర్తు రావడం లేదు గానీ, నది వెళ్ళిపోవడం, ఊరు వెతకడం, అంతా ఇదే. కోల్డ్ స్టోరేజీలో పనిచేసే ఆవిడకు ఇంత భాష ఎక్కడిది? ఆలోచించు."

ఆ కడపటి మాట నాకు నచ్చలేదు. మస్తాన్ వలికి కూడా నచ్చలేదు. అయినా అది ఆయనలో దిగింది. లోపలి గదిలోని బైండ్లన్నీ కిందకు దించి, దుమ్ములో కూర్చుని వెతికాడు. ఏమీ దొరకలేదు. దొరకకపోతే అనుమానం చస్తుందని మనుషులు అనుకుంటారు. చావదు, బలుస్తుంది. ఆ పేజీ చిరిగిపోయి ఉంటుందేమో, ఆ సంచిక తన దగ్గర లేదేమో అని గొణుక్కునేవాడు. అంతకుముందు ఏ వాక్యాలకు మురిసిపోయాడో ఆ వాక్యాలనే ఇప్పుడు దొంగసొత్తులా చూసేవాడు.

చివరికి హైమావతిని పిలిపించాడు. మధ్యాహ్నం, దుకాణంలో గిరాకీ ఉంది, మూల కుర్చీలో మాస్టారు ఉన్నారు.

"అమ్మా, తప్పుగా అనుకోవద్దు. ఇది మీరే రాశారా?"

ఆవిడకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం మాడిపోయింది. "ఎవరు రాశారంటున్నారు?"

"పాతదేదో ఉందంటున్నారు. నా మొదటి పుస్తకం. రేపెవరైనా ఇది దొంగ కథ అంటే నేను మళ్ళీ ఈ బోర్డు కింద నిలబడలేనమ్మా."

"నేను నిలబడగలనా?" అంది హైమావతి.

కాగితాల కట్ట తీసుకుని వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. గైడ్ల కట్ట మీద కూర్చుంది.

"పుస్తకంలో లేనిదేదైనా అడగండి."

మస్తాన్ వలి తడబడ్డాడు. కానీ ఆయనలోని చదువరి ముందు తేరుకున్నాడు. "నది కనబడకుండా పోయిన ఆ ఏడాదంతా... ఎక్కడుంది? మీరు రాయలేదు."

 ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. నది ఆడమనిషి రూపంలో గుంటూరు వచ్చి అద్దె ఇల్లు వెతుక్కుందట. ఒంటరి ఆడదానికి ఇల్లు ఇవ్వరు, పైగా అడుగు పెట్టిన చోటల్లా తడి. చివరికి మిర్చి కోల్డ్ స్టోరేజీలో కూలికి కుదిరిందట. అక్కడి ఆడవాళ్ళ పక్కన కూర్చుని తొడిమలు తీస్తూ, కాయలు ఏరుతూ బతికిందట.

"మరి ఎవరూ పోల్చుకోలేదా? నీళ్ళు కారుతూనే ఉంటాయి కదా?" అని ఒక కుర్రాడు అడిగేశాడు, తను కొనాల్సిన గైడు మరిచిపోయి.

"ఎట్టా పోల్చుకుంటారు?" అంది హైమావతి. "మిరపకాయల దగ్గర అందరి కళ్ళల్లోనూ నీళ్ళే. ఎవత్తి ఎందుకు ఏడుస్తుందో అక్కడ ఎవరూ అడగరు. నది దాక్కోవాలంటే అంతకన్నా మంచి చోటేముంది?"

 టీ కొట్టాయన గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆయన వెనక, అన్నం క్యారేజీ తెచ్చిన ఖైరున్నీసా కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

మస్తాన్ వలి మూలకు తిరిగాడు. "మాస్టారూ, ఇది కూడా ఎక్కడన్నా చదివారా?"

"చదివినట్టే..." అన్నారాయన. ఆ మాట పూర్తి కాలేదు. గొడుగు తీసుకుని బయటకు నడిచారు. తర్వాతి వారం ఒక పెద్ద కట్టతో తిరిగి వచ్చారు. ఎన్నో ఏళ్ళ కిందట రాసి దాచుకున్న సొంత నవలట. తొమ్మిదో దిక్కుకు మొదటి పుస్తకం తనదే కావాలని ఆయన మొదటి నుంచీ ఆశపడ్డారేమో. ఆయన కావాలని అబద్ధం చెప్పారని నేననను. నిజంగానే చదివానని నమ్మి ఉండొచ్చు. మనుషుల జ్ఞాపకాన్ని కొలిచే రాయి నా దగ్గర లేదు.

ఆ మధ్యాహ్నం మాత్రం మస్తాన్ వలి చేతులు జోడించాడు. "తప్పయిందమ్మా. క్షమించండి."

హైమావతి లేచింది. "మాట ఇచ్చాను కాబట్టి ఈ పుస్తకం వేసుకోండి. రెండోది మీకివ్వను. మీ అనుమానం తీరింది మస్తాన్ గారూ. నాది ఇవాళే మొదలైంది."

పుస్తకం వచ్చింది. సభకు హైమావతి వచ్చింది, మాట్లాడింది, మస్తాన్ వలి పేరు మాత్రం ఎత్తలేదు. 'నది సెలవు' మెల్లగా, తర్వాత జోరుగా అమ్ముడుపోయింది. తొమ్మిదో దిక్కు మరికొన్ని పుస్తకాలు వేసింది. మాస్టారి నవల కూడా వేసింది, అదేమీ చెడ్డది కాదు. హైమావతి రెండో నవలను హైదరాబాద్ వాళ్ళు వేశారు. మస్తాన్ వలి కట్టలు తెప్పించి, తన సొంత పుస్తకాలను పక్కకు జరిపి మరీ ముందు వరసలో పెట్టాడు. అప్పటికి తూకానికి ఎలక్ట్రానిక్ కాటా వచ్చేసింది. నన్ను తుడిచి గుమ్మం దగ్గర అలంకారంగా నిలబెట్టారు.

మొన్న వాన పడుతున్న సాయంత్రం హైమావతి వచ్చింది. గుమ్మంలో ఆగి, ముందు వరసలో ఉన్న తన పుస్తకం చూసింది. అది నిజంగా ఎప్పుడూ అక్కడే ఉంటుందా, తను వస్తున్నానని తెలిసి పెట్టారా అన్నట్టు, కింది ప్రతుల మీద దుమ్ము ఉందేమోనని వేలితో రాసి చూసింది. అమ్ముడయ్యే పుస్తకం కదా, దుమ్ము లేదు.

"రండమ్మా, కూర్చోండి" అన్నాడు మస్తాన్ వలి.

ఈసారి కుర్చీలోనే కూర్చుంది. టీ వచ్చింది. వాన గురించి, మిర్చి ధర గురించి మాట్లాడుకున్నారు. గ్లాసు కింద పెడుతూ, "మూడోది రాస్తున్నాను" అంది.

ఆయన నోటిదాకా ఏదో వచ్చింది. నేను చూశాను. పెదవులు కదిలాయి. ఆవిడ కూడా చూసింది, అందుకే ఇంకాసేపు కదలకుండా కూర్చుంది.

"బాగా రాయండమ్మా" అన్నాడు మస్తాన్ వలి. ఎవరికిస్తారని మాత్రం అడగలేదు.

ఆవిడ గొడుగు విప్పుకుంటూ, మొదటిసారిగా నవ్వింది.