సోమలింగం పాస్ చేయని పార్కు

కామ్‌రేజ్ దగ్గరి పార్కులోనూ సోమలింగం మొదట చేసిన పని అదే. పిల్లల రంగులరాట్నం ఇనుప కమ్మీ మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. సాంచాలు నడిపేవాళ్ళ అలవాటది. మరమగ్గం బాగోగులు వాళ్ళు చేత్తోనే తెలుసుకుంటారు, చెవులు ఎలాగూ మిగలవు కనుక.

ఎండుకట్టె లాంటి మనిషి. నెరిసిన కనుబొమ్మల్లో ఎప్పుడూ దారపు నూగు ఉంటుంది. పోగులు ముడివేసీ వేసీ వేలికొసలు నున్నగా అరిగిపోయాయి, రేషన్ దుకాణంలోని మిషన్ వాటిని ఒక పట్టాన ఒప్పుకోదు. సాంచాల మోత కుడిచెవిని పూర్తిగా తినేసింది. ఎడమచెవిలో కాపురం పెట్టి, నిద్రలో కూడా ఆగకుండా మోగుతూ ఉంటుంది. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పోల్చుకుంటాడు.

బతుకుతెరువుకు వచ్చిన గుజరాత్‌లో, లింబాయత్ పేటలో మరమగ్గాల కార్ఖానా పైన ఉన్న గదుల్లో భార్య స్వరాజ్యం, కూతురు నవత, నవత పిల్లలతో అతని కాపురం. మర్నాడు మనవరాలు సంతోషి పుట్టినరోజు. పార్కుకు తీసుకుపోతానని ఆ పిల్లకూ దాని తమ్ముడికీ మాట ఇచ్చాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. లోకమంతా ఫోనులో రేటింగు చుక్కలు చూసి పార్కులు ఎంచుకుంటుంటే, ఈయన సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి ఒక్కడే పోయి, పిల్లల ఆటలన్నీ ఎక్కి చూసి వస్తున్నాడు. నేసిన గుడ్డ తాన్లు చూసి పాసో ఫెయిలో చెప్పినట్టే ఇంటికొచ్చి పార్కుల సంగతీ చెబుతాడు.

"నన్ను జూడనీకె వచ్చినప్పుడు గూడ ఇంతగనం జూడలే నువ్వు" అని స్వరాజ్యం ఎగతాళి చేసింది.

అతనికి మాత్రం అది నవ్వులాట కాదు. బాగా నడుస్తున్న యంత్రమే వేలు పట్టుకుపోతుందని ఎన్నోసార్లు కళ్ళారా చూశాడు. తన చేతులతో ఎక్కించిన ఆటలో పిల్లలకు ఏమన్నా అయితే బతకలేనని అతని భయం.

మొదటి పార్కు నీళ్ళకు పాండేసర మిల్లుల వెనక కాలువ వాసన వేసింది. రెండోదాంట్లో భూత్ బంగ్లా నుంచి పిల్లలు వెక్కుతూ బయటికొస్తుంటే తల్లిదండ్రులు ఫోటోలు తీసుకుంటున్నారు. రెండూ ఫెయిల్. ఇక్కడ చెట్ల నీడ ఉంది, జారుడుబండ ఎత్తు తక్కువ. రంగులరాట్నం అదురు కూడా చేతికి హాయిగా తగిలింది. ఇక మిగిలింది చిన్న రైలు ఒక్కటే.

రైలు నడిపే గుజరాతీ ఆవిడ, పిల్లలేరని హిందీలో అడిగింది. రేపు వస్తారని సిగ్గుపడుతూ చెప్పి, ఖాళీ పెట్టెలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. రైలు కదిలి, సిమెంటు సొరంగంలో దూరింది. ఆ చీకట్లో అతని చెవిలోని మోత ఆగిపోయింది.

కరెంటు పోయినప్పుడు కార్ఖానా అంతా ఒక్కసారి ఆగినట్టు ఆగింది. సాంచ ఊరికే ఆగదని అతనికి తెలుసు. రైలు వెలుతురులోకి వచ్చేసరికి ప్లాట్‌ఫారం మీద నరహరి నిలబడి ఉన్నాడు.

నరహరి పక్క సాంచ మనిషి. పోయిన వానాకాలం పని చేస్తూ చేస్తూ అక్కడే కూలబడి చనిపోయాడు. పాడె మోసినవాళ్ళలో సోమలింగం ఒకడు. ఇప్పుడు పట్టపగలు, అదే నూనె మరకల బనీనుతో, సోమలింగం కళ్ళలోకి చూస్తూ రెండు వేళ్ళు కత్తెరలా ఆడించాడు. మోతలో మాట వినపడదు గనుక కార్ఖానాలో అందరూ వాడే సైగ అది. ఎవరి పోగు తెగితే వాళ్ళ వైపు చూసి చేస్తారు.

ఆ సైగ చూడగానే సోమలింగం రోజూ చేసినట్టే యంత్రం వైపు చూశాడు.

రైలు ఆగకుండా రెండో చుట్టు మొదలుపెట్టింది. దిగాలని కూడా తోచక, నవతకు ఫోన్ చేశాడు. పిల్లలను ఇక్కడికి తేవద్దని, ఈ మిషన్ మంచిది కాదని చెప్పాడు. ఎవరు చెప్పారని ఆమె ఎప్పటిలాగే అరిచి అడిగింది.

"నరహరి జెప్పిండు. గట్టిగ ఒర్రకు బిడ్డా, మంచిగనే ఇనవడ్తుంది."

రైలు మళ్ళీ సొరంగంలోకి వెళ్ళింది. బయటికొచ్చినప్పుడు సోమలింగం కమ్మీ మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. ముసలాయన ముచ్చట పడుతున్నాడనుకుని రైలావిడ ఇంకో చుట్టు తిప్పింది.

పార్కువాళ్ళ కబురు అందగానే నవత, తల్లిని తీసుకుని ఆటోలో వచ్చింది. పిల్లలను ఎవరి దగ్గర వదలాలో తోచక ఇద్దరినీ వెంట తెచ్చింది. తండ్రి తేవద్దన్న చోటికే తెచ్చానని గేటు దగ్గరే ఆమెకు దుఃఖం పొంగింది. అప్పటికే అతన్ని ఆఫీసు గదిలో బల్ల మీద పడుకోబెట్టారు. స్వరాజ్యం లోపలికి పోయి, చల్లబడిన ఆ చెయ్యి పట్టుకుని కూర్చుంది.

ఆపేసిన రైలు దగ్గర సంతోషి తల్లి కొంగు పట్టుకుని నిలబడింది.

"మమ్మీ, తాత గీ పార్కును పాస్ జేసిండా?"

నవత దాన్ని దగ్గరికి లాక్కుంది. ప్లాట్‌ఫారం అంచున, సాంచ దగ్గరికి పోయే ముందు విప్పినట్టే భక్తిగా విప్పి, తిరిగి తొడుక్కోవడానికి వీలుగా ముందుభాగం గేటు వైపు తిప్పి పెట్టిన సోమలింగం చెప్పులు ఉన్నాయి.