వడిసెల చెయ్యి

ఆట మైదానంలో సున్నం గీత వంకరపోయిందని ఫోర్‌మన్ లియాఖత్ అలీ మూడోసారి అరిచాడు. లస్మయ్య ఆ గీతను చీపురుతో చెరిపి, డబ్బాను ఎడమచేతికి మార్చుకొని మళ్లీ మొదలుపెట్టాడు. కుడిచెయ్యి భుజం దాకా లేవదు. పోయిన వేసవిలో మెసైమీర్ సైటులో పరంజా విరిగి కింద పడ్డప్పటి నుంచి అది అంతే. కంపెనీ డాక్టరు నాలుగు మాత్రలిచ్చి ఖలాస్ అన్నాడు. కంపెనీ మాత్రం ఒక కాయితం తెచ్చి, తప్పు తనదేనని వేలిముద్ర వేయించుకుంది. శుక్రవారం సెలవన్నది కూడా అలాంటి కాయితాల మీదే ఉంది; ఇవాళ శుక్రవారమే.

నాలుగింటికి మ్యాచ్. చమురు ధర ఎగబాకినకొద్దీ దోహాలో మేడలు లేచాయి, మేడలతో అమెరికన్ ఇంజనీర్లు వచ్చారు, వాళ్ల వెంట వాళ్ల బేస్‌బాల్ వచ్చింది. గల్ఫ్‌లో చమురు కంపెనీల జట్లు రెండు తరగతులుగా ఆడతాయి. దోహా జట్టు మూడేళ్లుగా కింది తరగతిలో, అందులోనూ అట్టడుగున పడి ఉండేది. ఈ ఏడు ఒక్క మ్యాచ్ ఓడలేదు. ఇవాళ గెలిస్తే పై తరగతికి పోతుంది. గెలిపిస్తున్నది తెల్లవాళ్లు కాదు, లస్మయ్య బామ్మర్ది బుచ్చన్న.

నాలుగు నెలల కింద బావా బామ్మర్దులిద్దరూ ఈ మైదానం పక్కనే ఇసుక దించుతున్నారు. బంతి ఒకటి కంచె దాటి వచ్చి పడింది. బుచ్చన్న తీసి విసిరాడు. అంత దూరం నుంచి అది నేరుగా పోయి, కట్టె పట్టుకున్నవాడి వెనక కూర్చున్నతని చేతితొడుగులో పడింది. కోచ్ టోపీ తీసి నిలబడిపోయాడు. అదేం విసురో తెల్లవాడికేం తెలుసు! జొన్నచేలో మంచె ఎక్కి, తాడులో రాయి పెట్టి తిప్పి పిట్టలను కొట్టే వడిసెల విసురు అది. నేర్పింది లస్మయ్య. అక్కను ఇచ్చిన కొత్తలో, పదేళ్ల బామ్మర్దిని మంచె ఎక్కించి, చెయ్యి పట్టుకొని నేర్పాడు. వడిసెలకు ఒక కట్టుబాటు ఉంటుందని కూడా చెప్పాడు. విసిరేవాడి చెయ్యి వాస్తే పెద్దవాడు వడిసెల గుంజుకొని మంచె గుంజకు తగిలిస్తాడు. పెద్దవాడు తన చేత్తో తీసిచ్చేదాకా దాన్ని ముట్టకూడదు. ఈలోగా పిట్టలు చేనంతా తిన్నా సరే.

ఇప్పుడు బుచ్చన్నకు ఛాతీ మీద 'దోహా' అని రాసున్న అంగీ వచ్చింది. ఐదువందల రియాళ్ల జీతం మీద ఇంకో వంద వచ్చింది. డ్యూటీ మాత్రం గంట కూడా తగ్గలేదు. పొద్దున ఐదు నుంచి కాంక్రీటు మొయ్యాలి, సాయంత్రం బంతి విసరాలి. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. నిజం చెప్పాలంటే లస్మయ్యకూ పట్టలేదు. అతనికి కనపడ్డది ఆ అంగీ ఒక్కటే. ఈ ఊళ్లో ఎన్ని గోడలు లేపాడు, ఎన్ని స్లాబులు పోశాడు, ఊరి పేరున్న అంగీ తనకెవరిచ్చారు? సొమ్మొకడిది, సోకొకడిది. ఇది కుళ్లే, దీనికి ఇంకో పేరు లేదు. రాత్రి బుచ్చన్న ఆ అంగీ ఉతికి తీగమీద ఆరేస్తుంటే లస్మయ్యకు కూడు దిగేది కాదు.

దానికి తోడు పోయిన వారం ఇంటి నుంచి క్యాసెట్టు వచ్చింది. ఉత్తరం రాయరాని భార్య సాయవ్వ టేపురికార్డరు ముందు కూర్చొని మాట్లాడి పంపిస్తుంది. ఎప్పుడూ బర్రె ఈనింది, బోరు ఎండింది అని చెప్పేది. ఈసారి అంతా తమ్ముడి ముచ్చటే. ఆమెకు గల్ఫ్‌లో ఏ ఊరైనా దుబాయే.

"మా తమ్ముడు దుబాయ్‌ల దొరలతోని ఆడుతుండట గదా! దొరలే అచ్చి ఆనికి చెయ్యి గలుపుతుండ్రట. ఊరంత గదే ముచ్చట. నేర్పినోనివి నువ్వు, నీకేమైంది? నువ్వు గూడ జర ఆడరాదు?"

చెయ్యి పోయిన సంగతి ఆమెకు చెప్పలేదు. అంత దూరాన ఉన్నదానికి చెప్పి ఏడిపించడమెందుకని ఊరుకున్నాడు. ఇప్పుడా మాట సూదిలా దిగింది. మూడుసార్లు విన్నాడు. క్యాసెట్టును పెట్టెలో అడుక్కి తోసి, "ఆని చెయ్యి పడిపోను" అని పైకే అన్నాడు. అన్నాక భయపడి చుట్టూ చూశాడు. గదిలో ఎవరూ లేరు.

"బావా!"

నీళ్ల ట్యాంకరు వెనక నుంచి బుచ్చన్న పిలిచాడు. లస్మయ్య సున్నం డబ్బా దించి వెళ్లాడు. బుచ్చన్న అంగీ విప్పి, తోలు చేతితొడుగు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. కుడిభుజం ఉబ్బి ఎర్రబడి ఉంది. చేతిలో సైకిల్ ట్యూబు ముక్క.

"గిది గట్టిగ జుట్టు బావా. ఎవ్వలకు జెప్పకు. గీ ఒక్క ఆట గెలిస్తె సాలు. లైట్ డ్యూటీ ఇస్తరట, ఏసీ గోదాంల."

"ఎన్నొద్దుల సంది గిట్లున్నది?"

"పది రోజులైతుంది. నీళ్ల సీస గూడ లేస్తలేదు."

లస్మయ్య బొటనవేలితో భుజం కింద నొక్కాడు. బుచ్చన్న పళ్లు బిగించాడు. సరిగ్గా అక్కడే. తనకు మొదట నొప్పి లేచింది కూడా అక్కడే, ఆ ఎముక సందులోనే. లస్మయ్యకు ముందు కలిగింది సంతోషం. ఛీ అనుకునేలోపే అది ఒళ్లంతా పాకింది. మొక్కు ఫలించినట్టనిపించింది. ట్యూబు చేతిలోకి తీసుకున్నాడు. నాలుగు చుట్లు చుట్టి పంపితే చాలు, సాయంత్రానికి వీడూ తనలాంటివాడే. ఇక ఆ అంగీ తీగమీద ఆరదు.

అప్పుడే సత్యనారాయణమూర్తి వచ్చాడు. సైటు ఇంజనీరు, గోదావరి జిల్లావాడు. అల్ ముంతజా పేటలో ఫ్లాటు, ఇస్త్రీ చొక్కా, కంచె అవతల కారులో భార్య వసుంధర. చేతిలో ఒక కాయితం.

"ఏమయ్యా లస్మయ్యా, ఇక్కడున్నారా మీరు! కోచ్ కంగారు పడుతున్నాడు. కుర్రాడు దాచినా, విసురులో తేడా చూసి భుజం పట్టేసిందని కనిపెట్టేశాడు. ఆడితే మాకు బాధ్యత లేదని, అయినవాళ్లెవరైనా ఓ వేలిముద్ర వెయ్యాలంటున్నారు. నువ్వు బావవి, పెద్దవాడివి. ఫరవాలేదని వేసెయ్యి. ఒక్క మ్యాచేగా, తర్వాత రెస్ట్ ఇప్పిస్తాన్లే."

సిరాపెట్టె కూడా తెచ్చాడు. మూత తీసి పట్టుకున్నాడు. అదే ఊదారంగు. పోయిన వేసవిలో ఆసుపత్రి మంచం మీద తన వేలికి పూసినది కూడా అదే. అప్పుడు పట్టుకున్నదీ ఈ మూర్తిగారే, "ఫరవాలేదు" అన్నదీ ఈయనే.

లస్మయ్య ట్యూబు ముక్కను ఇసుకలో పడేశాడు.

"మాఫీ సార్." లేదు, కాదు అనడానికి ఇక్కడికొచ్చాక నేర్చిన అరబ్బీ మాట అది.

"ఏంటి మాఫీ?"

"ఏలు మాఫీ. ఆట గూడ మాఫీ. ఆడు ఆడడు."

మూర్తి నవ్వాడు, తర్వాత నవ్వు ఆపాడు. "పిచ్చెక్కిందా నీకు? మేనేజరు వచ్చి కూర్చున్నాడు. ఇద్దర్నీ రేపే విమానం ఎక్కిస్తారు, తెలుస్తోందా?"

లస్మయ్య వంగాడు. బుచ్చన్న ఒళ్లో ఉన్న తోలు చేతితొడుగును లాక్కున్నాడు. కంచె దగ్గరకు నడిచి, ఎడమచేత్తో దాన్ని ఇనుప గుంజకు తగిలించాడు. మూర్తికి అదేమిటో అర్థం కాలేదు. బుచ్చన్నకు అర్థమైంది. ఎగిరి లేచాడు.

"నీ కడుపుమంట సల్లారిందా బావా? నాలుగు నెలల సంది సూస్తున్న. నేను అంగీ తొడిగిన కాడికెల్లి నీ మొఖంల నెత్తురు సుక్క లేదు. నా నోటికాడి బువ్వ గుంజుకున్నవు!"

"ఔరా, ఏడ్సిన. నీ చెయ్యి పడిపోవాల్నని గూడ అన్న."

బుచ్చన్న ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఇగో, పడిపోతే గిట్లుంటది. మంచిగ జూడు." లస్మయ్య కుడిచెయ్యి ఎత్తాడు. అది రొమ్ము దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. "మీ అక్కకు ఇంక జెప్పలె."

మైదానంలో ఈల మోగింది. "దోహా! దోహా!" అని కేకలు మొదలయ్యాయి. లియాఖత్ అలీ పరుగెత్తుకొస్తూ యల్లా యల్లా, తొందరగా రండి అని అరుస్తున్నాడు. మూర్తి సిరాపెట్టె పట్టుకొని ఒకసారి మైదానం వైపు, ఒకసారి వీళ్ల వైపు చూస్తున్నాడు.

బుచ్చన్న గుంజ దగ్గరకు పోయాడు. తొడుగు అతని మొహానికి ఎదురుగా వేలాడుతోంది. ఎడమచెయ్యి చాపాడు. తోలుకు బెత్తెడు దూరంలో వేళ్లు ఆగాయి. అతను తొడుగును ముట్టలేదు, చేతిని వెనక్కీ తీసుకోలేదు.