సలోమికి ముందు బెంచీ

డాక్టరమ్మ రాసిచ్చిన కాగితాన్ని దేవసహాయం బస్సులో మళ్ళీ మళ్ళీ చదివాడు. పక్క సీట్లో కూతురు సలోమి ఒక్క నిమిషం కుదురుగా లేదు. కిటికీలోంచి తల బయటపెట్టింది. ముందు సీటు వెనక గోళ్ళతో గీకింది. ఎదురుగా కూర్చున్న ముసలమ్మను బుట్టలో ఏముందని అడిగి, ఆమె జవాబు చెప్పేలోపే ఇంకేదో అడిగింది. మరో రోజైతే సుల్తానాబాద్ దాటకముందే రెండు తగిలించేవాడు. ఆ రోజు చెయ్యి లేవలేదు.

అది 1994 ఆగస్టు. సలోమికి పద్నాలుగు నిండాయి. పదో తరగతి చదువుతోంది. హైదరాబాదు నుంచి నెలకోసారి కరీంనగర్ వచ్చి పిల్లల్ని చూసే ఆ డాక్టరమ్మ గంటన్నరసేపు సలోమితో మాట్లాడి, బడి రిపోర్టులన్నీ చూసి, జబ్బు పేరు చెప్పింది. ఏడీహెచ్‌డీ. పిల్లకు తెలివి తక్కువ కాదు, పొగరు కాదు, మీ పెంపకంలో లోపమూ కాదు అంది. మనసును ఒకచోట నిలపడం మనకంటే ఈ పిల్లకు చాలా కష్టం, అంతే అంది. మందు ఉంది గాని ఈ జిల్లాల్లో దొరకదు, హైదరాబాదులో వెతికిస్తానంది. ఈలోగా మీరు చేయాల్సినవని నాలుగు మాటలు రాసిచ్చింది. బళ్ళో ముందు బెంచీలో, కిటికీకి దూరంగా కూర్చోబెట్టాలి. ఒకసారికి ఒక్క పనే చెప్పాలి. మధ్యమధ్య లేచి తిరగనివ్వాలి. కొట్టకూడదు.

దేవసహాయం చెన్నూరు పోస్టాఫీసులో గుమాస్తా. పద్దెనిమిదేళ్ళలో ఒక్క ఉత్తరం కూడా తప్పు సంచిలో వేయని మనిషి. అలాంటివాడి ఇంట్లో ఒక చెప్పు వాకిట్లో, ఒక చెప్పు పెరట్లో విడిచే పిల్ల పుట్టింది. ఇన్నేళ్ళూ ఆయన దాన్ని తనమీద పగబట్టి చేస్తున్న పనిలాగే చూశాడు. ఇప్పుడు ఆ పనికి ఒక పేరుందని తెలిసింది. మనసు కాస్త తేలికైంది. ఇన్నాళ్ళు కొట్టిన దెబ్బలు గుర్తొచ్చి మళ్ళీ బరువెక్కింది.

మర్నాడే బడికి వెళ్ళాడు. హెడ్మాస్టరు రామేశ్వర్‌రావు కాగితం చదివి మడిచి తిరిగి ఇచ్చాడు. ఆ బళ్ళో పదో తరగతికి బెంచీలు ర్యాంకుల ప్రకారం వేస్తారు. మొదటి బెంచీలు మంచి మార్కులు వచ్చినవాళ్ళవి. సలోమిది నలభై ఒకటో ర్యాంకు, అంటే వెనక వరుసలో కిటికీ పక్కన. ఆ కిటికీ అవతల ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు. రోజంతా అక్కడ ఏదో ఒకటి విప్పుతూ, బిగిస్తూ ఉంటారు.

"దేవసహాయం, నలభై ఎనిమిది మంది పిల్లలున్నరు. సగం మందికి ధ్యాస లేదు. అందరి తండ్రులు గిట్లనే కాగితాలు తెస్తే నేను ఎన్ని ముందు బెంచీలు తేవాలె?" అన్నాడు హెడ్మాస్టరు. "మార్కులు తెచ్చుకొమ్మను. బెంచీ అదే వస్తది."

ముందు కూర్చుంటే గాని మార్కులు రావని దేవసహాయం చెప్పబోయాడు. అప్పటికే హెడ్మాస్టరు గంట కొట్టమని అటెండరును పిలుస్తున్నాడు. సెప్టెంబరులో మరో రెండుసార్లు వెళ్ళాడు. ఒకసారి హెడ్మాస్టరు లేడు. ఇంకోసారి ఉండి, తల్లిదండ్రుల మీటింగులో మాట్లాడదామన్నాడు. ఆ మీటింగు జరగనే లేదు.

ఇంట్లో చేయాల్సినవైనా చేద్దామని దేవసహాయం ఒక పట్టిక గీశాడు. పొద్దున అయిదున్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా పదహారు గళ్ళు. స్కేలు పెట్టి, ఎర్ర సిరాతో. సలోమి దాన్ని చూసి సంబరపడింది, గళ్ళ చుట్టూ పూలు వేసింది. మూడు రోజులు నడిచింది. నాలుగో రోజు పట్టిక ఎక్కడ పెట్టిందో దానికే తెలియలేదు. దేవసహాయం మళ్ళీ గీశాడు. అదీ పోయింది. మూడోసారి గోడకు అంటించాడు. పిల్ల దాని ముందు నుంచే నడిచి వెళ్ళేది, ఒక్కనాడూ తలెత్తి చూసేది కాదు.

అక్టోబరులో ఒక ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక కంట్రోలు దుకాణానికి పంపాడు. దీపాలకు గాసునూనె ఇచ్చేది ఆ రోజే. డబ్బా, రేషను కార్డు చేతికిచ్చి, వచ్చేటప్పుడు అగ్గిపెట్టె తెమ్మని, దారిలో సంఘపెద్ద సమ్మయ్యకు పాటల పుస్తకం ఇమ్మని, నానమ్మ చెప్పులు కుట్టించుకు రమ్మని చెప్పాడు. రెండు గంటల తర్వాత సలోమి ఉత్త చేతులతో వచ్చింది. డబ్బా క్యూలో పెట్టి, పక్కన రేడియో బాగుచేసే అతని దగ్గర నిలబడిందట. తిరిగి చూసేసరికి క్యూ అయిపోయింది, దుకాణం మూసేశారు, డబ్బా లేదు. కార్డు మాత్రం జేబులో ఉంది. పాటల పుస్తకం, చెప్పులు ఏమయ్యాయో చెప్పలేకపోయింది.

దేవసహాయం చెంప మీద కొట్టాడు. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళొచ్చాక అదే మొదటిసారి. ఒకటి కొట్టాక చెయ్యి ఆగలేదు.

సలోమి ఏడవలేదు. గోడకు ఆనుకుని నిలబడి మెల్లగా అంది. "బాపూ, నువ్వు చెప్పేది నాకు ఇనవడ్తది. ఇనవడక కాదు. నడుస్తుంటే మధ్యల ఇంకోటి కనవడ్తది. గప్పుడు నువ్వు చెప్పింది యాడికి పోతదో నాకే తెల్వది. కావాలని చేస్తలేను."

తల్లి సత్తవ్వ వంటింట్లోంచి వచ్చి ఇద్దరి మధ్య నిలబడింది. ఒక్కసారికి ఎన్ని పనులు చెప్పావో లెక్కపెట్టుకొమ్మంది భర్తను. ఆయన లెక్కపెట్టాడు. నాలుగు.

"డాక్టరమ్మ గా కాగితం దానికి రాయలే," అంది సత్తవ్వ. "మనకు రాసింది."

సత్తవ్వ అంగన్‌వాడీలో ఆయా. రోజూ ముప్పై మంది చిన్న పిల్లల్ని కూర్చోబెట్టే మనిషి. హెడ్మాస్టరుతో పని కాదని, లెక్కల టీచరు నిర్మలాదేవి దగ్గరికి తానే వెళ్ళింది. బెంచీ ఇవ్వకపోతే మానె, మొదటి బెంచీ ముందర నేల మీద కూర్చుంటుంది, కూర్చోనివ్వండి అని బతిమాలింది. నిర్మలాదేవి కొత్తగా వచ్చిన టీచరు. సలోమి ప్రశ్న పూర్తికాకుండానే జవాబు చెప్తుందని, చాలాసార్లు ఆ జవాబు సరైనదే అవుతుందని, అయినా నోట్సు ఖాళీగా ఉంటుందని ఆమె గమనించింది. తన పీరియడులో మాత్రం ఒప్పుకుంది. సత్తవ్వ ఇంటి నుంచి పీట పంపింది.

రెండు రోజులు సలోమి పీట మీద కూర్చుంది. మూడో రోజు బడికి పోనంది. అందరూ నవ్వుతున్నారని, వెనక నుంచి జడ లాగుతున్నారని చెప్పింది. తనను ఒక్క మాట అడగకుండా పీట ఎందుకు పంపారని అడిగింది. అంతవరకు మంచంలో పడుకుని వింటున్న నానమ్మ లచ్చవ్వ లేచి కూర్చుంది.

"నన్ను బడి బయట అరుగు మీద కూసోవెట్టిండ్రు. వారం పోయి మానేసిన," అంది. "నీ పెనిమిటిని గోడ మూలకు కూసోవెట్టిండ్రు. ఇప్పుడు దీన్ని మీ చేతులతోని మీరే కింద కూసోవెడ్తరా?"

సత్తవ్వ మొహం తిప్పుకుంది. దేవసహాయం ఆ సాయంత్రమే బడికి పోయి పీట తెచ్చేశాడు. నిర్మలాదేవి ఎదురైతే తన తల్లి అన్న మాట ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె తాను అంత దూరం ఆలోచించలేదని చెప్పింది.

మరుసటి వారం నుంచి ఆమె తన పీరియడులో బోర్డు తుడిచే పని సలోమికి అప్పగించింది. బోర్డు తుడిచే పిల్ల దగ్గర్లో ఉండాలి కాబట్టి మొదటి బెంచీ చివర చోటిచ్చింది. ర్యాంకు పిల్లల్లో ఒకరి తండ్రి వచ్చి గొడవ చేశాడు. హెడ్మాస్టరు పిలిచి అడిగాడు. నా పీరియడులో బోర్డు ఎవరు తుడవాలో నేను చెప్పుకుంటాను సార్ అని ఆమె ఊరుకుంది. పావుగంటకోసారి సలోమి లేచి బోర్డు తుడిచేది, చేతులు దులుపుకుని కూర్చునేది. డిసెంబరు నాటికి లెక్కల నోట్సులో ఖాళీ పేజీలు తగ్గాయి. అడ్డదిడ్డంగానైనా ఏదో ఒకటి రాసి ఉండేది.

మిగతా పీరియడ్లలో మాత్రం అదే కిటికీ, అదే షెడ్డు. దేవసహాయం సోషల్ సారును, ఇంగ్లీషు సారును విడివిడిగా అడిగాడు. ఒకరు నవ్వారు. ఒకరు, మీ అమ్మాయి ఒక్కదానికోసమే బడి నడపాల్నా అన్నారు. జనవరిలో డాక్టరమ్మ నుంచి కార్డు వచ్చింది. మందు దొరకలేదని, ఇంకా ప్రయత్నిస్తున్నానని. దేవసహాయం ఆ కార్డును కౌంటరు వెనకే చదివి, తర్వాత వచ్చిన మనిషికి స్టాంపులు ఇవ్వడం మరిచి కూర్చున్నాడు.

పరీక్షలు మార్చిలో అయ్యాయి. ఫలితాల్లో సలోమి తప్పింది. మార్కుల మెమో వచ్చాక చూస్తే లెక్కల్లో యాభై ఎనిమిది, సోషల్‌లో ఇరవై ఏడు. మిగిలినవి గట్టెక్కాయి. దేవసహాయం మెమో పట్టుకుని హెడ్మాస్టరు దగ్గరికి పోయాడు.

"సార్, ఒకటే పిల్ల, ఒకటే ఏడాది. లెక్కలల్ల ముందు కూసుంది. సోషల్‌ల కిటికీకాడ కూసుంది. జర చూడుండ్రి."

రామేశ్వర్‌రావు చూశాడు. లెక్కల్లో అన్ని మార్కులు రావడం మంచిదేనన్నాడు. సప్లిమెంటరీకి ఇంకా టైముందని, ఫికర్ చేయొద్దని చెప్పాడు. దేవసహాయానికి ఒళ్ళు మండింది. మెమో మడిచి బయటికి వచ్చాడు. గేటు దగ్గర నిలబడమన్న సలోమి అక్కడ లేదు. షెడ్డులో ట్రాక్టరు ఇంజను పక్కన గొంతుక్కూర్చుని, మెకానిక్కును ఏదో అడుగుతోంది. ఆయన గేటు దగ్గరే ఆగి, కోపం దిగేదాకా నిలబడ్డాడు. ఆ తర్వాతే పేరు పెట్టి పిలిచాడు.

ఆ ఎండాకాలమంతా తండ్రీకూతుళ్ళు సోషల్ చదివారు. ఆయన అరుగు మీద కూర్చుని గట్టిగా చదివేవాడు. సలోమి వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ వినేది. పేరా అయ్యాక తిరిగి చెప్పాలి. సగం రోజులు చెప్పేది, సగం రోజులు గోడ మీది తొండ గురించి అడిగేది. ఆయన పుస్తకం నేలకు విసిరిన రోజులున్నాయి. అది అలిగి పెరట్లోకి పోయి తలుపేసుకున్న రోజులున్నాయి. ఒక మధ్యాహ్నం నదుల పాఠం అయిదోసారి చదువుతుంటే, గోదావరి పేరే దాని నోట రాలేదు. రోజూ చూసే నది. దేవసహాయం లేచి వీధి చివరిదాకా నడిచి, బోరింగు దగ్గర మొహం కడుక్కుని తిరిగొచ్చాడు. సలోమి అరుగు పక్కన నిలబడి ఉంది, పుస్తకం చేతిలో పట్టుకుని.

"మల్ల చదువు బాపూ," అంది. "గీ పేరా ఒక్కటే. మొత్తం వద్దు."

ఆయన కూర్చుని ఆ పేరా ఒక్కటే చదివాడు.

సప్లిమెంటరీలో సలోమికి సోషల్‌లో ముప్పై ఆరు వచ్చాయి.