అచ్చాయమ్మ ఎదురు

అచ్చాయమ్మ మొగుడు పోయి తొమ్మిదేళ్లయింది. ఆ తొమ్మిదేళ్లలో ఆమె మా ఊళ్లో ఎవరికీ ఎదురు రాలేదు. ఎవరైనా మంచి పని మీద బయల్దేరుతున్నట్టు కనిపిస్తే పక్క సందులోకి తప్పుకునేది. ఎవరూ చెప్పక్కర్లేదు, అలవాటైపోయింది. స్కూల్లో మధ్యాహ్న భోజనం వండుతుంది. పిల్లలకి మాత్రం ఆవిడ రోజూ ఎదురొచ్చినా ఏమీ కాలేదు.

ఒక సోమవారం పొద్దున్న కోడిగుడ్ల అట్టలు ఎత్తుకుని వస్తూ చూసుకోలేదు. రొయ్యల రైతు పల్లంరాజు మోటార్‌సైకిలుకి ఎదురుపడింది. ఆయన చెరువులో వేసే రొయ్య పిల్ల కోసం హేచరీకి వెళ్తున్నాడు. బండి తిప్పి, ఇంటి అరుగు మీద అరగంట కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాడు.

ఆయన వెళ్లేసరికి అనుకున్న ట్యాంకులో పిల్లంతా పక్క రైతులు పట్టుకుపోయారు. ఆయనకి వేరే ట్యాంకులోది ఇచ్చారు. నెలన్నరకి ఆ రైతుల చెరువుల్లో తెల్లమచ్చ రోగం వచ్చి రొయ్యలన్నీ పోయాయి. పల్లంరాజు చెరువుకి ఏమీ కాలేదు.

రొయ్య పట్టిన మర్నాడు ఆయన అచ్చాయమ్మ గుమ్మం ముందు నిలబడ్డాడు.

“అచ్చాయమ్మ గారూ, బుధవారం మళ్లీ పిల్లకి వెళ్తున్నానండి. ఏడింటికి కాస్త ఎదురు రావాలి.”

‘గారూ’ అన్నది ఎవరినా అని ఆమె ఇంటి లోపలికి చూసింది. వెటకారమనుకుంది.

“నా మొహం చూసి వెళ్తారా రాజుగారూ?”

“మీ మొహమే కావాలండి.”

ఆయన వెళ్లాక అద్దం తీసి చాలాసేపు చూసుకుంది. ఏమీ మారలేదు. అయినా మంగళవారం మంచి చీర ఉతికి ఆరేసింది.

ఆ పంటా బాగా వచ్చింది. తర్వాత ఇద్దరు రైతులు అడిగారు, ఆ తర్వాత ఎనిమిది మంది. లూథరన్ చర్చికి వెళ్లే రెబెక్కా టీచరు స్టాఫ్ రూమ్ క్యాలెండర్‌లో ఎదురు తేదీలన్నీ రాసిపెట్టేది. “నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు అచ్చాయమ్మా. కానీ ఒకే పూట ఇద్దరు పడకూడదు కదా” అంది.

మూడో పంటకి పల్లంరాజు చెరువుకీ తెల్లమచ్చ వచ్చి రొయ్యంతా పోయింది. అచ్చాయమ్మకి ఆ పూట అన్నం సయించలేదు. ఇక అందరూ ఏమంటారో ఆమెకి తెలుసు. సాయంత్రం ఆయనే వచ్చాడు.

“తప్పు మీది కాదండి. ఆవేళ హెల్మెట్ అద్దం మీద మంచు పట్టింది. మీరు సరిగ్గా కనపళ్లేదు. ఈసారి హెల్మెట్ తీసేస్తాను.”

అచ్చాయమ్మకి ముందు నవ్వొచ్చింది. తర్వాత కోపం వచ్చింది.

“పిల్లని ల్యాబులో టెస్టు చేయించారా?”

“మీరు ఎదురొస్తున్నారు కదా అనీ...”

“రోగం లేదని ల్యాబు కాగితం తెచ్చి చూపించండి. అప్పుడే వస్తాను. హెల్మెట్ కూడా తియ్యొద్దు.”

ఆ మాట ఊరంతా పాకింది. పిల్లకి వెళ్లేముందు ఒక్కొక్కరే కాగితం పట్టుకుని స్కూలు వంటగది దగ్గరికి వచ్చేవారు. కాగితం ఇంగ్లీషులో ఉండేది. ‘నెగటివ్’ అన్న మాట ఎలా ఉంటుందో రెబెక్కా టీచరు ఆమెకి నేర్పింది. అచ్చాయమ్మ చెయ్యి తుడుచుకుని, ఆ మాట వెతికి, తేదీ ఇచ్చేది. లేకపోతే వెనక్కి పంపేది.

ఆ ఏడు మా ఊళ్లో ఒక్క చెరువుకీ తెల్లమచ్చ రాలేదు. “అది టెస్టు మహిమండి, నాది కాదు” అని ఆమె అందరికీ చెప్పింది. అందరూ తలూపారు. ఎంత అణకువండీ ఆవిడకి, అనుకున్నారు.

ఒక్క ఊరినుంచే ఇన్ని శాంపిళ్లు ఎందుకొస్తున్నాయో కనుక్కుందామని భీమవరం నుంచి ల్యాబు గణేష్‌బాబు వచ్చాడు. ఎమ్మెస్సీ చదివినవాడు. అచ్చాయమ్మ జరిగిందంతా దాచకుండా చెప్పింది. అతను పడీపడీ నవ్వాడు. “ఎదురూ లేదు, గిదురూ లేదండి. అంతా సైన్సే” అని బండి దాకా వెళ్లాడు. అక్కడ కాసేపు నిలబడి వెనక్కొచ్చాడు.

“గురువారం ఆకివీడులో మా కొత్త ల్యాబు తెరుస్తున్నామండి. ఎనిమిదింటికి ముహూర్తం. మీరు కాస్త...”

“పొద్దున్న కుదరదండి. స్కూల్లో వంట.”

“మరి ఎప్పుడు కుదురుతుందండీ?”

“రెండింటికి.”

గురువారం రెండింటికి రాహుకాలం. ల్యాబు అప్పుడే తెరిచారు.