పేరమ్మ చెయ్యి కడిగిన రోజు

రేపల్లె ప్యాసింజరులో చేపల గంప వేసుకొచ్చి తెనాలి మార్కెట్లో అమ్ముకునే పేరమ్మ, గంప ఖాళీ అయ్యాక కూతురు కనకదుర్గ ఇంటికి వెళ్లేది. వెళ్లేముందు స్టేషను కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకునేది. అద్దె వాటా వసారాలో కూర్చుని, పొలుసు తీసి ముక్కలు కోసి పసుపు రాసిన చేపల్ని గిన్నెతో సహా కూతురి చేతికిచ్చేది. మంచినీళ్లు కూడా పుచ్చుకోకుండా లేచేది.

వాళ్ల ఇళ్లలో అదొక కట్టుబాటు. కూతురికి తొలికాన్పు అయ్యేదాకా ఆ ఇంట్లో తల్లి చెయ్యి కడగదు, అంటే అన్నం తినదు. కనకదుర్గకు పెళ్లయి నాలుగు నెలలు. భర్త యలమందకు కరెంటాఫీసులో ఉద్యోగం. కొత్త కాపురంలో ఆమెకు అన్నీ ముచ్చటగానే ఉన్నాయి, కిరసనాయిలు స్టవ్వు నీలంగా వెలగడంతో సహా. తన చేతి ముద్ద అమ్మ తినకపోవడమే ముల్లులా గుచ్చుకునేది.

"ఒక్క ముద్దమ్మా. లోపలికి రావద్దులే, వసారాలోనే పెడతాను."

"వసారా ఎవరిదే?"

"ఇంటాయనది. మేం అద్దెకున్నాం."

"అద్దె కట్టేది అల్లుడుగారేగా," అంది పేరమ్మ తలమీద గుడ్డచుట్ట సర్దుకుంటూ. "ముందు ఓ పిల్లనో పిల్లోణ్ణో కను. ఆ తర్వాత పొమ్మన్నా పోను."

మరుసటి వారం కనకదుర్గ క్యారియర్ పట్టుకుని నేరుగా స్టేషనుకే వెళ్లింది. ఇది రైల్వేవాళ్ల స్థలం కదా అని ఆమె ధైర్యం. ప్లాట్‌ఫారం మీద ఖాళీ గంప బోర్లించుకుని కూర్చున్న పేరమ్మ, మూత తీయగానే ఒకసారి వాసన చూసి క్యారియర్‌ను పక్కనున్న కోటిరత్నం ముందుకు జరిపింది. కోటిరత్నం కూడా రేపల్లె నుంచి చేపలు తెచ్చే మనిషే.

"స్థలం రైల్వేదే. పొయ్యి నీదేగా," అంది పేరమ్మ.

"నాకేం పట్టింపు లేదమ్మాయ్, నువ్వు నా కూతురివి కాదు," అని కోటిరత్నం చెయ్యి కడుక్కుని కూర్చుంది.

ఆమె తింటున్నంతసేపూ పేరమ్మ వదిలిపెట్టలేదు.

"ఎట్టా ఉంది వదినా?"

"బాగుంది."

"బాగుందంటే ఏంటి? పులుపు పట్టిందా? ముక్క చెదిరిందా?"

"అంత తెలుసుకోవాలనుంటే నువ్వే తినరాదూ, నన్ను చంపకపోతే."

రైలు వచ్చేదాకా పేరమ్మ అడుగుతూనే ఉంది. అప్పుడు కనకదుర్గకు తెలిసింది, అమ్మకు తినాలని లేక కాదని. ఇంటికొచ్చి భర్తను అడిగింది.

"పొయ్యి మా అమ్మదైతే?"

పేపర్లోంచి తలెత్తకుండానే యలమంద, "అయితే రైలెక్కు," అన్నాడు.

ఆదివారం ఆమె రేపల్లెలో దిగింది. గాలి ఎక్కువగా ఉండి రెండు రోజులుగా సముద్రం మీదికి పడవలు వెళ్లలేదు. మార్కెట్టు పని లేక పేరమ్మ ఇంట్లోనే ఉంది. కూతుర్ని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అల్లుడుగారు ఏమన్నా అన్నారా?"

"లేదు. వంట చెయ్యడానికి వచ్చా. నీ ఇల్లు, నీ పొయ్యి. ఇప్పుడు చెప్పు."

పేరమ్మ గుమ్మంలోంచి పక్కకు జరిగి దారి ఇచ్చింది.

ఆ పొయ్యి ముందు కనకదుర్గ అంతకుముందెప్పుడూ కూర్చోలేదు. బాపట్లలో బి.ఏ. చదివే రోజుల్లో సెలవులకు వస్తే, తల్లి ఆమె చేతిలోంచి కత్తిపీట లాక్కునేది. "నీచు వాసన పట్టిందంటే వదలదు. పో, పుస్తకం పట్టుకో," అనేది. ఈరోజు ఆ మాట అనలేక పేరమ్మ బిందె తీసుకుని నీళ్లకు వెళ్లింది. కనకదుర్గ కుండలోంచి ఉప్పుచేప ముక్కలు తీసింది. వంకాయలు తరిగింది. చింతపండు పిసికింది. అన్ని కూరల్లో వేసినట్టే ఉప్పు వేసింది.

పెనుమూడి రేవులో పడవ నడిపే తండ్రి బ్రహ్మయ్య మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని చెంబు ఎత్తాడు.

"బి.ఏ.లో ఉప్పు గురించి ఏం చెప్పలేదా అమ్మాయ్?"

"ముక్కలు వేణ్ణీళ్లలో నానబెట్టలేదా ఏంటే," అంది పేరమ్మ.

"నానబెట్టాలని నువ్వెప్పుడు చెప్పావు?"

పేరమ్మ కంచంలో ముక్కను చిదిమింది. "చెప్పలేదులే. ఉప్పుచేపైనా నానబెట్టే తెచ్చి ఇచ్చేదాన్ని."

ముక్క కొంచెం, అన్నం ఎక్కువ కలుపుకుని తిన్నది. మళ్లీ వడ్డించుకుంది. బ్రహ్మయ్య మజ్జిగలోకి మారిపోయాడు. మిగిలిన కూర పారబోయడానికి కనకదుర్గ లేస్తే, పేరమ్మ గిన్నె పట్టుకుంది.

"ఉంచు. రేపు చద్దన్నంలోకి ఇదే సరి."

ఆ రాత్రే గాలి తగ్గి పడవలు వేటకు వెళ్లాయి, మర్నాటికి చేపలు దిగాయి. ఇద్దరూ ఒకే ప్యాసింజరులో తెనాలి బయల్దేరారు. చేపలమ్మే ఆడవాళ్లంతా ఒక పెట్టెలోనే కూర్చున్నారు. రైలు కదలగానే పేరమ్మ చద్దన్నం గిన్నె తెరిచింది.

"మా దుర్గ వండింది," అని పెట్టెలో అందరికీ వినబడేలా చెప్పింది. "కత్తిపీట పట్టనియ్యకుండా బి.ఏ. చదివించానుగా, ఉప్పుచేపలో మళ్లీ ఉప్పేసింది. చేపలోళ్ల పిల్లల్లో ఇట్టా వండినోళ్లు ఇంకెవరన్నా ఉంటే చెప్పండి."

ఆ గొప్పేమిటో కనకదుర్గకు అర్థం కావడానికి ఒక స్టేషను పట్టింది. ఈలోగా పేరమ్మ తలా ఒక ముక్క పంచింది. కోటిరత్నం ముఖం ముడుచుకుంది.

"నోరు పొక్కిపోయింది వదినా. దీన్ని ఎట్టా తింటున్నావు?"

"అందుకేగా నీకు ఒక్క ముక్కే ఇచ్చింది," అని పేరమ్మ మిగతాదంతా తన అన్నంలోకి వంపుకుంది.

గిన్నె ఖాళీ చేసి కుడిచెయ్యి కిటికీ బయటికి చాచింది. కనకదుర్గ చెంబు వంచింది. గాలికి నీళ్లు సగం పక్కకు కొట్టుకుపోయాయి.

"సరిగ్గా పొయ్యవే," అంది పేరమ్మ. "ఉప్పు ఇంకా పోలేదు."

కనకదుర్గ చెంబులో ఉన్నవన్నీ పోసింది.