గుమ్మం పక్క బల్ల

మొదటి ప్రయోగాల రోజున కుబాత్ అగాయ్ బురుల్‌ని ఎంతో మర్యాదగా కూర్చోబెట్టారు. మేం మాస్టారిని అగాయ్ అనే పిలుస్తాం. రసాయనశాలలో గుమ్మానికి ఎదురుగా, అందరికంటే లోపల, కిటికీ కింద ఆమెకు చోటిచ్చారు. మా ఇళ్ళలో పెద్ద అతిథికిచ్చే చోటు అదే. గుమ్మం దగ్గర కూర్చునేది టీ పోసే చిన్న కోడలు. బురుల్ చక్రాల కుర్చీని మాస్టారే తోసుకెళ్ళి, చలి తగలకుండా ఒళ్ళో శాలువా కూడా కప్పారు.

"నువ్వు చూస్తూ ఉండు తల్లీ. చేసేది ఈ పిల్ల చేస్తుంది," అన్నారు నన్ను చూపించి.

"చూసినవాళ్ళకి మందులు కలిపే పని ఎవరిస్తారు అగాయ్?" అంది బురుల్.

సొంత చేత్తో ప్రయోగాలు చేయనివాళ్ళకి మా కాలేజీలో ఫార్మసీ పట్టా రాదు. ఆమె కొండ దిగి వచ్చింది ఆ పట్టా కోసమే.

"ఇక్కడ నిలబడే పనిచేయాలి. యాసిడ్ ఒలికితే వెనక్కి గెంతాలి కదా. నీ మంచికే చెబుతున్నా."

"మంటలొస్తే?"

"నోరారా మంచి మాట అనమ్మా."

"అన్నాననుకోండి. అయినా వచ్చాయి. చూడండి, బయటికెళ్తున్నా."

కుర్చీ తిప్పింది. బల్లల మధ్య స్టూళ్ళు, కోట్లు, సంచులు. ఒక స్టూలును చేత్తో నెట్టింది. ఒక కోటును తొక్కుకుంటూ వెళ్ళింది. గది సగం దాటేసరికి ఒక సంచి పట్టీ చక్రంలో చుట్టుకుని కుర్చీ ఆగిపోయింది.

"ఈపాటికి మీరంతా బయటున్నారు. నేనింకా ఇక్కడే," అంది.

"నేనెత్తుకెళ్తాలే!" అని వెనక నుంచి ఎర్మెక్ అరిచాడు. అబ్బాయిలు ఈలలేశారు.

"పెళ్ళికని ఆడపిల్లల్ని ఎత్తుకెళ్ళేవాళ్ళు మీ ఊళ్ళో బోలెడుమంది. మంటల్లోంచి ఎత్తుకొచ్చినవాడు ఒక్కడుంటే చెప్పు."

ఈలలు ఆగాయి. ఎర్మెక్ చెవులెర్రబడ్డాయి. ఆ సంచి అతనిదే. వచ్చి పట్టీ విప్పాడు.

బురుల్ గుమ్మం పక్కకు వెళ్ళి కుర్చీకి బ్రేకు వేసింది. "నా చోటిది."

"గుమ్మం దగ్గరా? అది బూట్లు విడిచే చోటు! నడవలేని పిల్లని కుబాత్ గుమ్మంలో పడేశాడని సాయంత్రానికల్లా ఊరంతా అంటుంది."

"పోయే పరువు మీది అగాయ్. కాలేది నేను."

ఆయన పక్కనున్న బల్ల ఎత్తును, ఆమె కుర్చీని మార్చి మార్చి చూశారు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "మరి బల్ల? ఇవన్నీ నీ గడ్డం దాకా వస్తాయి. యాసిడ్ ఒలికితే నేరుగా ఒళ్ళోకే."

"నిజమే. పడినా నా కాళ్ళకి తెలీదు, ఎవరో చూసి చెప్పేదాకా కాలుతూనే ఉంటాయి. అందుకే ఈ శాలువా వద్దు, ఇది పీల్చుకుంటుంది. పాదాల దాకా రబ్బరు ఏప్రన్ ఇవ్వండి. అంచులున్న పళ్ళెంలో పెట్టి చేస్తాను. ఇక బల్లంటారా..." ఆమె చూపు మాస్టారి మేజా మీద ఆగింది. "ఈ గదిలో కూర్చుని పనిచేసేది మీరొక్కరే."

ఎవరో ఫక్కున నవ్వారు. ఆమెను బయటికి పంపేస్తారనే అనుకున్నాను. అగాయ్ తన మేజా వైపు చూశారు, దాని మీది టీ కెటిల్ చేతిలోకి తీసుకున్నారు.

"ఎర్మెక్, ఆ చివర పట్టుకో."

మేజా గుమ్మం పక్కకు వచ్చింది. యాసిడ్ పడితే కడుక్కునే జల్లు గొట్టం అక్కడే ఉంది కానీ, దాని గొలుసు ఆమెకు అందదు. నా నడికట్టు విప్పి గొలుసుకు కట్టాను. ఆమె లాగి చూసింది. కింద నిలబడ్డ ఎర్మెక్ నిలువునా తడిశాడు.

"పనిచేస్తోంది," అంది.

తర్వాత పని మొదలుపెట్టింది. ఎడమ చేత్తో, ద్రావణాన్ని చుక్కచుక్కగా వదిలే గాజు గొట్టం కుళాయి తిప్పుతూ, కుడి చేత్తో గాజుకుప్పెను ఆడించింది. లేత గులాబీ రంగు రాగానే ఆపాలి. ఒక్క చుక్క ఎక్కువైంది, రంగు ముదిరిపోయింది.

"ఫరవాలేదు తల్లీ, దాదాపు వచ్చింది. పాసే," అన్నారు అగాయ్.

"ఎర్మెక్‌కి ఈ రంగొస్తే ఏమంటారు?"

"గాడిదా, పారబోసి మళ్ళీ చెయ్యమంటాను."

"నన్నూ అనండి."

అగాయ్ గొంతు సవరించుకున్నారు. గదంతా ఆయన వైపే చూస్తోంది.

"గాడిదా," అన్నారు చిన్నగా.

బురుల్ అప్పటికే కుప్పె పారబోసి కడుగుతోంది.