ఉప్పు చేపల మూట

సూరత్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే లింగమూర్తి గుండెకు స్టెంట్ వేశాక డాక్టరు రెండు మాటలు చెప్పాడు. చేపల్లోని కొవ్వు రక్తంలో చేరితే గుండెకూ కిడ్నీలకూ మంచిది. ఉప్పు మాత్రం తగ్గించాలి. ఊళ్ళో ఉన్న భార్య లలితమ్మకు అతను ఫోన్లో చేపల సంగతే చెప్పాడు. ఆమె ఉప్పు పట్టించి ఎండబెట్టిన చేపలను తన తమ్ముడితో సూరత్ శివారు ఉన్‌లోని అతని గదికి పంపింది.

మూట విప్పగానే ఇంటి వాసన వచ్చింది. ఒక చేపను చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాడు.

లలితమ్మ ఫోన్ చేసింది. "తిన్నవా?"

"గివి ఉప్పు చేపలు గదనే. తింటే కిడ్నీలు ఖరాబైతయట."

"అయ్యో, ముందుగాల చెప్పవైతివి! పచ్చి చేపలు కొనుక్కో మరి."

"వండుడు రాదు."

"సాంచాలు నడుపుతవు, పులుసు పెట్టరాదా?" ఆమె నవ్వింది.

"జర నువ్వే వచ్చి పెట్టరాదూ?"

నవ్వు ఆగిపోయింది. మెల్లగా అడిగింది. "ఆ గదిల ఇద్దరం పడ్తమా?"